రేకు లోపలి రాత

కిందటి వారం మీరు నన్ను పెనర్ గారింటి సెల్లార్లో మోకాళ్ల మీద వదిలేసి పోయారు. ఇంకా అక్కడే ఉన్నాను. మోకాళ్లు సలుపుతున్నాయి. చేతిలో జానెడు రేకు ముక్క, ఎదురుగా గాలిగొట్టానికి నల్లగా తెరుచుకున్న కన్నం. వీధిలో మా ట్రక్కు మోటారు ఇల్లు అదిరేలా మోగుతోంది. బయట సున్నాకి కింద ముప్పైనాలుగు డిగ్రీలు. దుమ్ము లాగే లావుపాటి గొట్టం వీధి గుమ్మంలోంచి లోపలికొచ్చి మెట్ల మీదుగా కిందికి దిగింది కాబట్టి తలుపు మూసే వీల్లేదు. చలి కూడా దానితోపాటే మెట్లు దిగి వస్తోంది.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు. నా పేరు వెర్నా హ్రిట్సియుక్. కెనడాలో సస్కటూన్ ఊళ్లో ఇరవైరెండేళ్లుగా ఇళ్లల్లో గాలిగొట్టాలు శుభ్రం చేస్తున్నాం. మా ఆయన మిరోన్, మరిది తరాస్, నేను. ఆరేళ్ల కిందట ఇదే ఇంట్లో పని ముగించుకుని పోయాక, కొర్నేలియస్ పెనర్ అనే పెద్దాయన నిద్రలోనే పోయాడు. పని చేసేటప్పుడు దుమ్ము ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్‌లోకి పోకుండా గొట్టంలో స్పాంజి దిమ్మ అడ్డం పెడతాం. అది తియ్యడం మర్చిపోయాం. గాలి దారి మూసుకుపోయి, పొగగొట్టంలోంచి బయటికి పోవలసిన విషవాయువు ఇంట్లోకి తిరిగొచ్చింది. “మర్చిపోయింది నేనే” అని మిరోన్ ఒప్పుకున్నాడు. ఈ పని మళ్లీ ముట్టుకోవద్దని కోర్టు అంది. కోర్టు అనకపోయినా ముట్టుకునేవాడు కాదు. ఆ రోజు నుంచి ఆయన ఏ సెల్లార్ మెట్లూ దిగలేదు, మా ఇంటివి కూడా. నేనూ తరాసూ కలిసి పని నడుపుతున్నాం. ఈ గురువారం ఇదే ఇంటి నుంచి పిలుపొచ్చింది. లియోనా వోగ్ట్ అట, ఈ ఇంట్లో కొత్తగా దిగిందట. వద్దు వదినా అని తరాస్ నెత్తీనోరూ కొట్టుకున్నాడు. నేనే పట్టుబట్టి వచ్చాను. మా బతుకుల్ని మింగేసిన ఈ గొట్టాన్ని ఒకసారి కళ్లారా చూడాలనిపించింది.

చూశాను. ఇప్పుడు ఈ రేకు సంగతి.

మా పనివాళ్లకి ఒక అలవాటుంది. శుభ్రం చెయ్యడానికి పెద్ద గొట్టానికి కన్నం కోస్తాం. పనయ్యాక దాని మీద రేకు పెట్టి స్క్రూలు బిగిస్తాం. బిగించేముందు ఆ రేకు లోపలివైపు మార్కర్‌తో తేదీ, మన పొడి అక్షరాలు రాస్తాం. అది ఇంటివాళ్లకి కనబడదు. ఇన్‌స్పెక్టర్లకి అక్కడ రాత ఉంటుందనే తెలియదు. ఎప్పుడో ఆ కన్నం మళ్లీ తెరిచే ఇంకో పనివాడికి మాత్రమే కనబడుతుంది. అక్కడ అబద్ధం రాసినవాణ్ని నేనింతవరకూ చూడలేదు.

ఈ రేకు మీద రెండు వరుసలున్నాయి. పైది మిరోన్‌ది. ఎం.హెచ్., జనవరి తొమ్మిది. అది ఉంటుందని తెలుసు, దాన్ని చూడటానికే విప్పాను. కిందది నాకు తెలియదు. టి.హెచ్., జనవరి పన్నెండు.

పెనర్ గారు పోయింది పదమూడు తెల్లవారుజామున.

తలకి ఎక్కడానికి కొంత సేపు పట్టింది. మిరోన్ తొమ్మిదో తేదీన దిమ్మ మర్చిపోయి ఉంటే, పన్నెండో తేదీన ఈ కన్నం తెరిచినవాడి చేతికి అదే ముందు తగలాలి. తగల్లేదంటే అప్పటికి లోపల దిమ్మ లేదు. పెనర్ గారు పోయాక దొరికిన దిమ్మ పన్నెండున పెట్టిందే. టి.హెచ్. అనే పొడి అక్షరాలు మా ఇంట్లో ఒక్కడివే.

ఆ ఒక్కడూ అప్పుడే మెట్ల మీద ప్రత్యక్షమయ్యాడు. గొట్టాల్లో దొరికిన సామాను వేసే తట్ట పట్టుకుని వచ్చాడు. అందులో రెండు రంగు పెన్సిళ్లు, ఒక హాకీ ఆటగాడి కార్డు, బొమ్మ చెయ్యి.

“పైన అన్ని గదులూ అయిపోయాయి వదినా, గాలి వచ్చే నేల జాలీల మూతలు కూడా తీసేశా,” అన్నాడు మోతలో వినబడేలా అరుస్తూ. బొమ్మ చెయ్యి ఊపాడు. “ఈ ఇంట్లో ఎవరికో చెయ్యి తక్కువైంది చూడు.”

“ట్రక్కు ఆపెయ్,” అన్నాను.

“ఇంకా కింది గొట్టం ఊదలేదుగా?”

“ఆపమన్నాను తరాస్.”

నా ముఖం చూశాడు, తరవాత నా చెయ్యి చూశాడు. తట్ట మెల్లగా కింద పెట్టి వెళ్లాడు. వాడు వెళ్లొచ్చిన ఆ రెండు నిమిషాలూ నాకు ఒకచోట కాలు నిలవలేదు. ఫర్నేస్ చుట్టూ తిరిగాను. ఎన్ని స్క్రూలు తీశానో లెక్కపెట్టాను, మళ్లీ లెక్కపెట్టాను. కోపం రావాలి కదా, రాలేదు. చచ్చేంత ఆశ వచ్చింది. మిరోన్ చెయ్యలేదు! నేను ఈ రేకు పట్టుకుని ఇంటికి పోతాను, ఆయన ఒళ్లో పెడతాను, ఆరేళ్ల తరవాత ఆ మనిషి భుజాల మీది బరువు దిగుతుంది. ఇంతకన్నా నాకేమీ అక్కర్లేదనిపించింది. నిజం చెబుతున్నాను, ఆ రెండు నిమిషాలు నాకు తరాస్ మీద కోపం కూడా లేదు.

మోటారు ఆగిపోయింది. ఇల్లంతా ఒక్కసారి చెవులు మూసుకున్నట్టయింది. తరాస్ మెట్లు దిగొచ్చాడు.

“ఆ పాత రేకు జోలికి పోవద్దన్నానా లేదా? తుప్పు పట్టింది, కొత్త కన్నం కోద్దామన్నానా లేదా?”

“తుప్పేం లేదు. అక్షరాలు నిన్న రాసినట్టున్నాయి. చదువు.”

వాడు రేకు తీసుకోలేదు. టోపీ తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు. “పైన తలుపు గాలికి బార్లా తెరుచుకున్నట్టుంది, ఒకసారి చూసొస్తా...”

“చదవమంటున్నాను.”

“కళ్లజోడు ట్రక్కులో ఉంది.”

“నీకు కళ్లజోడు ఎప్పుడొచ్చిందిరా?”

తరాస్ గోడకానుకున్నాడు. నలభయ్యారేళ్ల మనిషి, ఆరడుగులవాడు. సంచి జారిపోయినట్టు అలాగే కిందికి జారి నేల మీద కూర్చున్నాడు.

“పన్నెండున ఎందుకొచ్చావు?” అన్నాను.

“పెద్దాయన ఫోన్ చేశాడు. గొట్టంలో ఏదో టకటకా కొట్టుకుంటోంది, నిద్ర పట్టట్లేదని. అన్నయ్య ఇంకో ఇంట్లో పనిలో ఉన్నాడు, నేనొచ్చాను. లోపల స్క్రూ ఒకటి ఊడిపడి దొర్లుతోంది. పది నిమిషాల పని. డబ్బులు కూడా తీసుకోలేదు, చీటీ రాయలేదు.”

“స్క్రూ తియ్యడానికి దిమ్మ ఎందుకు పెట్టావు?”

“అది దొర్లుకుంటూ పోయి ఫ్యాన్లో పడకూడదని. అందరం చేసేదే కదా వదినా అది! స్క్రూ తీశా, రేకు మీద రాశా, బిగించా. ఈలోగా పెద్దాయన కాఫీ రెడీ అని పైనుంచి కేకేశాడు. ప్లమ్ పళ్ల కేకు పెట్టాడు. తన కూతురి గురించి ఏదో చెప్పాడు. నేను నవ్వుతూ కూర్చుని తిన్నా.” వాడు టోపీ మళ్లీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. “నవ్వుతూ కూర్చుని తిన్నా వదినా. దిమ్మ గుర్తే లేదు.”

“తాగున్నావా?”

వాడు బూటు తాడు విప్పి మళ్లీ కట్టుకున్నాడు.

“తరాస్, తాగున్నావా?”

“పొద్దున రెండు. రెండే.”

నేను మెట్ల వైపు తిరిగాను. “సరే. సామాను సర్దు. తిన్నగా ఇంటికి పోదాం. మీ అన్నయ్య ముందు నిలబడి ఈ మాట ఇలాగే చెబుతావు. ఆయన మా ఇంట్లో ఫర్నేస్ వెలిగించనివ్వడు, తెలుసు కదా? చిన్న కరెంటు హీటర్లు పెట్టుకుని కోట్లు తొడుక్కుని పడుకుంటున్నాం. ఏడు గదులకి ఏడు గ్యాస్ అలారాలు. పక్కింటివాళ్లకి కూడా కొనిచ్చాడు. తను చెయ్యని చావుకి ఆరేళ్లుగా కాపలా కాస్తున్నాడు. వెళ్లి చెప్పు, నువ్వు కాదు అన్నయ్యా, నేను అని చెప్పు.”

తరాస్ నా వంక చూడలేదు. బొమ్మ చెయ్యి ఉన్న తట్ట వంక చూశాడు.

“అన్నయ్యకి తెలుసు,” అన్నాడు.

నేను సరిగ్గా వినలేదనుకున్నాను.

“మొదటి రోజు నుంచీ తెలుసు. నేనే చెప్పా. పోలీసులు రాకముందే చెప్పా. అప్పటికే తాగి బండి నడిపిన కేసులో నా మీద షరతులున్నాయి కదా. ఇంకోటి బయటపడితే జైలే. కలీనాకి నాలుగేళ్లు, చిన్నది ఓల్యా కడుపులో ఉంది. నేను ఏడుస్తుంటే అన్నయ్య కూర్చోబెట్టి నీళ్లిచ్చాడు. ఆర్డరు కాగితం మీద నా పేరే ఉంది కదా, నా మీదే ఉండనీ అన్నాడు. నీకు ఇద్దరు పిల్లలు, నాకెవరున్నారు అన్నాడు.”

“ఏమన్నాడు?”

“నీకు పిల్లలు—”

“ఆ తరవాత మాట.”

“నాకెవరున్నారు... అన్నాడు. అంటే, పిల్లలు లేరని వదినా, ఆ ఉద్దేశంతో...”

అప్పుడొచ్చింది కోపం. ఎక్కడ దాక్కుందో గానీ అంతా ఒక్కసారే వచ్చింది.

“నేనున్నాను కదరా! నేనెవర్ని? పెళ్లానికి లెక్కుండదా? పిల్లలు పుట్టకపోతే ఆ ఇంట్లో మనుషులే లేనట్టా?” రేకు గాల్లో ఊపుతున్నాను, అంచు అరచేతికి కోసుకుంటున్నా తెలియలేదు. “చర్చి హాల్లో కజ్జికాయల్లాంటి పిరోగీల అంచులు నొక్కడానికి పోతే, నా పక్కన కూర్చోవాల్సొస్తుందని ఆడవాళ్లు పిండి గిన్నెలు పట్టుకుని ఇంకో బల్లకి పోయారు. ఎవరి కోసం పడ్డాను అదంతా? దుకాణంలో పెనర్ గారి చుట్టం ఒకావిడ నా బండిలో సామాన్లు చూసి, మీకు తిండి ఎలా సహిస్తోందమ్మా అని అడిగింది. తల దించుకుని వచ్చాను, మొగుడు తప్పు చేశాడు కదా అని. రోజూ నా పక్కన ట్రక్కులో కూర్చుని, నా డబ్బాలో సగం బోర్ష్ సూపు తాగి, వదినా ఉప్పు తక్కువైందని వంకలు పెట్టావే! ఒక్క రోజు, ఒక్క రోజైనా నోట్లోకి రాలేదా ఈ మాట?”

“ఏటా చెప్పేస్తానని అన్నయ్య దగ్గరికి పోయేవాణ్ని. ఏటా వద్దనేవాడు. చిన్నది నడక నేర్చుకోనీ, కలీనా బళ్లో కుదురుకోనీ... తాగడం ఆ రోజే మానేశా వదినా. ఒట్టు. చుక్క ముట్టలేదు.”

“అయితే చప్పట్లు కొట్టనా?”

వాడు ముఖం చేతుల్లో దాచుకున్నాడు. నాకు జాలి వెయ్యలేదని చెబితే అబద్ధం. వేసింది, వేసినందుకు నా మీద నాకే మంట పుట్టింది. అన్నదమ్ములిద్దరూ కూర్చుని నా బతుకు పంచేసుకున్నారు. నన్ను మాటవరసకైనా పిలవలేదు. ఇంటికి పోతే నేను మిరోన్‌కి ఏం తీసుకుపోతాను? ఆయనకి తెలిసిన సంగతే తీసుకుపోతాను. ఆయన ఈ రేకు అందుకుని, బిగించేసి రావాల్సింది వెర్నా అంటాడు. ఆయన మంచితనం నాకు తెలుసు. ఆ మంచితనం అంటే ఇప్పుడు నాకు ఒళ్లు మండుతోంది.

“లే,” అన్నాను. “మీ అన్నయ్య వద్దు, ఎవరూ వద్దు. పైకి పోయి ఆ లియోనా గారి ఫోన్ అడిగి ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకి నేనే—”

“పైకి రానక్కర్లేదండీ.”

ఆడగొంతు. పక్కనుంచి కాదు, మెట్ల మీద నుంచీ కాదు. గొట్టానికి కోసిన కన్నంలోంచి, నా మోకాళ్ల దగ్గర్నుంచి వచ్చింది.

“అక్కడే ఉండండి. అన్నీ వినబడుతున్నాయి.”

ఇరవైరెండేళ్ల పని నాది! వంటింటి జాలీ దగ్గర నిలబడి అత్తగారిని తిట్టకండి, సెల్లార్లో బట్టలుతికే అత్తగారు మొత్తం వింటుంది అని ప్రతి ఇంట్లోనూ నవ్వులాటకి చెప్పేది నేనే. మోటారు ఆపించి, మూతలు తీసేసిన గొట్టం పక్కనే నిలబడి, అన్ని గదుల్లోకీ వినబడేలా మా ఇంటి గుట్టంతా నేనే చదివి వినిపించాను. తరాస్ నోరు తెరిచి ఆ కన్నం వైపే చూస్తున్నాడు.

“లియోనా గారూ...” అన్నాను.

“వోగ్ట్ మా ఆయన ఇంటిపేరు. నేను పెనర్ గారి అమ్మాయిని.” గొంతు మెల్లగానే ఉంది. వంటింటి నేల మీద జాలీ పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టుంది. “ఇన్నాళ్లూ ఈ ఇల్లు అద్దెకిచ్చాం. అమ్మడానికి మనసొప్పలేదు, ఉండటానికీ ఒప్పలేదు. మీ ఆయన నాకు ఉత్తరాలు రాస్తారని మీకు తెలుసా?”

“ఉత్తరాలా?”

“ఏటా ఒకటి. మీ క్షమాపణల ఆదివారం నాడు.”

పెద్ద ఉపవాసాలు మొదలయ్యే ముందు ఆదివారం అది. మా చర్చిలో ఆ రోజు అందరూ ఒకరి ముందు ఒకరు మోకరిల్లి, నేలకి నుదురు ఆనించి, నన్ను క్షమించమని అడుగుతారు. దేవుడు క్షమిస్తాడు, నేనూ క్షమిస్తున్నాను అని అవతలివాళ్లు అనాలి. మిరోన్ ఆరేళ్లుగా ఆ రోజు చర్చికి రాడు. సిగ్గుపడి ఇంట్లో కూర్చుంటున్నాడనుకున్నాను. కూర్చుని ఉత్తరాలు రాస్తున్నాడన్నమాట.

“ఆరు ఉత్తరాలకి జవాబివ్వలేదు,” అంది లియోనా. “మొన్న ఏడోది వచ్చింది. అప్పుడు ఫోన్ చేశాను. ఇంటికొచ్చి నా ముఖం చూసి అడగండి అన్నాను. వస్తానన్నారు. అందుకే మిమ్మల్ని కూడా ఇవాళే పిలిచాను. మీ అందరి ముందూ ఆయన్ని క్షమించేసి, ఈ గొట్టాలు కడిగించుకుని, ఇక ఈ ఇంట్లో బతుకుదామనుకున్నాను. క్షమించడానికి నాకు ఆరేళ్లు పట్టిందండీ. సులువుగా రాలేదు. ఇప్పుడు చెప్పండి. చెయ్యనిదానికి ఆయన్ని నేనెలా క్షమించాలి? చేసినవాడు కింద కూర్చున్నాడు. నాన్న పెట్టిన కేకు తిన్నవాడు.”

తరాస్ లేచి నిలబడ్డాడు, మళ్లీ కూర్చున్నాడు.

“ఆయన ఎప్పుడొస్తానన్నారు?” అని అడిగాను.

“మూడింటికి.”

తరాస్ చేతి గడియారం చూశాను. మూడుకి రెండు నిమిషాలు తక్కువ. మిరోన్ జన్మలో ఎక్కడికీ ఆలస్యంగా పోలేదు.

“నేను ఆయన్ని ఆపనండీ,” అంది లియోనా. “నాకు ఆ హక్కు లేదు. ఆయన అడిగేది అడుగుతారు. మీలో ఎవరైనా ఏమైనా చెప్పదలిస్తే మాత్రం, ఆయన నోరు తెరిచేలోపు చెప్పండి. నేను ఆయన చేత అబద్ధం మీద ప్రమాణం చేయించుకోలేను.”

వీధి గుమ్మంలో బూట్ల మంచు దులుపుతున్న చప్పుడు. ఎడమకాలు రెండుసార్లు, కుడికాలు ఒకసారి. పాతికేళ్లుగా మా గుమ్మంలో వింటున్న చప్పుడే.

వంగి కన్నానికి దగ్గరగా ముఖం పెట్టాను. దుమ్ము వాసన, ఇనుము వాసన. నోరు ముయ్యి మిరోన్ అని ఒక్క కేక వేస్తే చాలు. తరాస్ వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు. రేకు కోసిన చోట నెత్తురు వాడి వేళ్లకి అంటుకుంది.

“వదినా, నీ కాళ్లు పట్టుకుంటా. ఒక్క రోజు. కలీనాకి పదేళ్లు నిండాయి, అన్నీ తెలుస్తున్నాయి. రేపు బళ్లో ఎవరో చెప్పేలోపు నేనే చెప్పుకోవాలి దానికి. నా నోటితో నేనే చెప్పుకోవాలి. రేపు సాయంత్రం నేనే పోయి లొంగిపోతా. ఈ ఒక్క రోజు అన్నయ్యని అననీ.”

“ఆరేళ్లలో ఒక్క రోజు దొరకలేదా నీకు?”

వాడు ఏడుస్తున్నాడు. చెయ్యి మాత్రం వదల్లేదు.

పైన నేలచెక్కలు కిర్రుమన్నాయి. లియోనా రండి అనలేదు, కూర్చోండి అనలేదు. ఇంకో కిర్రు, దాని పక్కన మరొకటి. మోకాళ్లు ఆనించాడు. తరవాత మెత్తగా ఇంకో చప్పుడు, అది నుదురు. మిరోన్ గొంతు సవరించుకున్నాడు. జాలీ పక్కనే వంగి ఉన్నాడేమో, ఆయన ఊపిరి కూడా నాకు వినబడింది.

“అమ్మా,” అన్నాడు మా ఆయన, “మీ నాన్నగారిని చంపింది...”

తరాస్ చెయ్యి విదిలించుకుని, గుండెల నిండా గాలి పీల్చుకున్నాను.